సిమ్‌లో పట్టిన చేప

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్నేమీ అనకండి. ఈ కథలో ఒక పడవ ఉంది, ఒక సరస్సు ఉంది, ఈత రాని మొగుడొకడున్నాడు. అయినా ఇందులో మునిగేది పడవ కాదు, మొగుడూ కాదు, నా పరువు. అదీ నీళ్లలో మునగలేదు. భోజనాల బల్ల దగ్గర, అందరూ వేళ్లు నాకుతుండగా, చేపల పులుసులో మునిగింది.

నేను పుట్టింది కాకినాడలో, ఉండేది అమెరికాలోని బాతెల్‌లో, చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అంటే పక్కవాళ్ల తప్పులు పట్టుకుని జీతం తీసుకునే ఉద్యోగం. నా కంట పడని తప్పు ఉండదని నాకు మహా పొగరు. ఆ పొగరుతోనే కొన్నేళ్ల కిందట, ఎవరో అమ్మేస్తుంటే, ఒక చిన్న అల్యూమినియం పడవ కొన్నాను. కొని గరాజ్‌లో పెట్టాను. గరాజ్‌లో ఉండాల్సిన మా ఆయన కారు బయటికి, వానలోకి వెళ్లింది.

మా ఆయన రాజేందర్‌ది వరంగల్. మనిషికి కోపం రాదు. వస్తే మాత్రం గొంతు ఇంకా మెత్తబడుతుంది, అప్పుడు భయపడాలి. చలికాలమంతా పొద్దున్నే కారు అద్దం మీద మంచు గీకి గీకి, ఒకరోజు ఆ గీకే బద్దతోనే ఇంట్లోకి వచ్చాడు.

"పద్మా, ఆ పడవ ఇప్పటిదాంక ఒక్క చేపనన్న తెచ్చిందా?"

"సీజన్ రావాలి కదా!"

"సరే, ఎండకాలం రానీ. నేను గూడ నీతోని వస్తా. ఆ ఒక్కరోజు చేప దొరికిందనుకో, గరాజ్ నీ పడవది. దొరకలేదనుకో, పడవ అమ్ముడే. మల్ల ఏడ్వద్దు."

"ఏడిస్తే నువ్వే ఏడవాలి," అన్నాను, గడపలో నిలబడి, నడుం మీద చెయ్యి వేసుకుని. లోపల మాత్రం నాకే నమ్మకం లేదు. ఎందుకంటే అప్పటిదాకా నా గాలానికి తగిలిందల్లా నాచు, ఒకసారి నా టోపీ.

దీనికి విరుగుడు ఒక్కటే, ఫిష్ ఫైండర్. పడవకి బిగిస్తే, నీళ్లలోకి శబ్దం పంపి, కింద లోతెంతో, చేపలెక్కడున్నాయో తెర మీద చూపిస్తుంది. జీపీయస్ ఉన్నదైతే చేప దొరికిన చోటు గుర్తు పెట్టుకుని మళ్లీ అక్కడికే దారి చూపిస్తుంది. మా వీధి చివర ఉండే భీమవరం శేఖర్ అన్నయ్య పడవకి అలాంటిదే ఉంది, హాల్లో టీవీ అంతుంటుంది. సలహా అడిగాను.

"చవకది మాత్రం కొనకమ్మాయ్," అన్నాడాయన. "చవక దాంట్లో చేపా ఒకలాగే కనపడుద్ది, చెప్పూ ఒకలాగే కనపడుద్ది."

అంతే, నాకు పంతం వచ్చేసింది. పిట్టంత పడవకి అరచేయంత తెర చాలదా? వారాల తరబడి రివ్యూలు చదివి చదివి, నిద్రలో కూడా చుక్కలు లెక్కపెట్టాను. చివరికి ఒక దుకాణంలో సరిగ్గా నాకు కావాల్సింది దొరికింది. బ్యాటరీ మీద నడుస్తుంది, జీపీయస్ ఉంది, పైగా షెల్ఫ్‌లో ప్రదర్శనకి పెట్టిన పీస్ కాబట్టి సగం ధర! తెర మీద చేపలు ఎంత ముద్దుగా ఈదుతున్నాయో! అమ్మే ఆవిడ ఇంటికెళ్లాక సెట్టింగ్స్‌లో ఏదో మార్చుకోమని చెబుతోంది. నేనేమో ఫోన్‌లో కూపన్ వెతుక్కుంటూ, "యా, యా, షూర్," అన్నాను.

ఆ ఆడమనిషి మాట వినుంటే నాకిప్పుడు ఈ కథ రాసే కర్మ ఉండేది కాదు.

పందెం రోజు రానే వచ్చింది. సరస్సు ఒడ్డున పడవ దింపాం. ఈత రాని రాజేందర్ రెండు లైఫ్ జాకెట్లు తొడుక్కుని, ప్యాంటు మడిచి, నీళ్లలో నిలబడి పడవని తోస్తున్నాడు. నేను ముందు కూర్చుని యంత్రం ఆన్ చేశాను. కీచుమంది. తెర నిండా చేపలే చేపలు.

"రాజేందర్! అరవై అడుగుల లోతుంది ఇక్కడ!"

ఆయన కిందికి చూసుకున్నాడు. "నా మోకాళ్ల దాంకనే ఉన్నయి గదా నీళ్లు?"

"ఇప్పుడే ఆన్ చేశాను. కుదురుకోవడానికి టైం పడుతుంది," అన్నాను, ఆఫీసులో ఎవరైనా ఇలా అంటే చీల్చి చెండాడే నేను.

ఆయన పడవెక్కి తెరలోకి తొంగి చూశాడు. "ఇందుల చెరువు గుండ్రంగున్నది. మనది పొడుగున్నది."

"జూమ్‌లో అలాగే కనిపిస్తుంది."

"మరి ఈ మూలకు 'సిమ్' అని ఎందుకున్నది?"

"జీపీయస్ కదా, సిమ్ కార్డు ఉంటుంది."

"అమ్మో, దీనికి గూడ నెలనెలా బిల్లు కట్టాల్నా?"

"ఫ్రీ సిమ్. డీల్‌లో వచ్చింది," అన్నాను గర్వంగా. చదువుతున్నారు కదా, ఫ్రీ సిమ్మట!

కాస్త దూరం వెళ్లాక యంత్రం మళ్లీ కీచుకీచుమంది. తెర మీద బారెడు చేప! ఇంజన్ ఆపేశాను. చుట్టూ కలువాకులు.

"నలభై అడుగుల లోతు," అని ప్రకటించాను.

"నలభై అడుగుల లోతుల కలువాకులెట్ల మొలిచినయే?"

"అమెరికా కలువలు. కాడలు పొడుగు."

మీరు నవ్వండి, పర్వాలేదు. నేను మాత్రం నవ్వకుండా, పురోహితుడంత నిష్ఠగా ఆ చోటుని జీపీయస్‌లో గుర్తు పెట్టి, దానికి 'పులుసు' అని పేరు కూడా పెట్టి, అప్పుడు గాలం వేశాను. నలభై అడుగులు దిగాల్సిన ఎర టప్పున నేలకి తగిలింది. ఇదేమిటి చెప్మా అనుకునేలోపే గాలం కర్ర విల్లులా వంగింది. "వలా! వలా!" అని నేను అరుస్తుంటే, ఆయన పక్కనే ఉన్న వల వదిలేసి మూడో లైఫ్ జాకెట్ కోసం వెతుకుతున్నాడు. చివరికి నేనే లాగాను. బారెడు కాదు గానీ మూరెడు చేప పడవలో ఎగిరెగిరి పడింది. ఆ వెనకాలే ఇంకొకటి! అబ్బ, ఆ క్షణంలో నేను మనిషిని కాదు. మా కాకినాడ మొత్తం నాలో ఉండి కేకలు పెట్టింది.

"ఏం చేపలు ఇవి?" అన్నాడు రాజేందర్, కాళ్లు పైకెత్తి కూర్చుని.

"బాస్."

బాస్‌ని పులుసు పెట్టే అదృష్టం ఉద్యోగం చేసుకునేవాళ్లలో ఎందరికి పడుతుంది చెప్పండి!

గెలిచినవాళ్లు ఊరుకుంటే గొడవే లేదు. ఆ సాయంత్రమే శేఖర్ అన్నయ్యనీ వదిననీ భోజనానికి పిలిచాను. ఆ రోజు ఆయన కూడా వేటకి వెళ్లి, అంత టీవీ పెట్టుకుని, ఉత్త చేతులతో తిరిగొచ్చాడని తెలిసే పిలిచాను. చింతపండు పులుసు కుతకుతమంటుంటే వదిన వంటింట్లోకి తొంగి చూసింది.

"పద్మా, సిమ్‌లో పెట్టావా? ముక్క చితికిపోతుంది."

"పెట్టాను వదినా."

బల్ల దగ్గర నా ఉపన్యాసం మొదలైంది. చవకలో మంచి యంత్రాన్ని ఎలా ఎంచుకోవాలి, డబ్బు కన్నా బుర్ర ఎందుకు ముఖ్యం, ఇలా. శేఖర్ అన్నయ్య ముక్క చప్పరించి, కళ్లు మూసుకుని, ఓటమి ఒప్పుకున్నాడు.

"అమోఘం చెల్లెమ్మా. ఇంతకీ ఎక్కడ పట్టావ్? ఆ చోటు కాస్త చెప్పు."

రహస్యం చెప్పకూడదు. కానీ ఉబ్బిపోయి ఉన్నాను కదా, యంత్రమే తెచ్చి చేతిలో పెట్టాను. 'పులుసు' అన్న గుర్తు దగ్గరున్న అంకెలు ఆయన తన ఫోన్‌లో కొట్టాడు. కొట్టి, కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ కొట్టాడు.

"అమ్మాయ్, ఇది విస్కాన్సిన్‌లో ఉందేంటి?"

"గంత దూరం పోయొచ్చినమా మనం?" అన్నాడు రాజేందర్. "పెట్రోల్ ఎంతైంది?"

అన్నయ్య ఏవో బటన్లు నొక్కాడు. తర్వాత ఆయన భుజాలు అదరడం మొదలైంది. "ఇదుగో, సిమ్. సిమ్యులేటర్! దుకాణంలో జనానికి చూపించడానికి ఆడే బొమ్మ చేపలమ్మా ఇవి. నువ్వు రోజంతా సినిమా చూశావ్!"

వదిన నవ్వి నవ్వి పొలమారింది. ఇంతకాలం అందరి తప్పులూ పట్టిన టెస్టర్‌ని, నేను, బొమ్మ చేపల వెంట వెళ్లానా! బల్ల కింద దూరిపోదామనిపించింది. కానీ అప్పుడే రాజేందర్ గొంతు మెత్తబడింది.

"అయితే పందెం చెల్లదు పద్మా. ఆ డబ్బా ఏం చూపియ్యలే."

దాంతో నాకు ప్రాణం లేచొచ్చింది. "పందెం దేని మీద? చేప మీదా, డబ్బా మీదా?"

ఆయన ఆలోచించాడు. పళ్లెంలోకి చూశాడు. ముళ్లు తప్ప ఏం మిగల్లేదు.

"చేప మీదనే," అని ఒప్పుకున్నాడు పాపం. నేనే ఇంకో గరిటె పులుసు వేశాను.

గరాజ్‌లో ఇప్పటికీ నా పడవే ఉంది. సిమ్ తీసేశాక ఆ యంత్రం బుద్ధిగా నిజాలు చెబుతోంది. కలువాకుల దగ్గర ఆరడుగుల లోతని, చేపలేం లేవని చూపిస్తుంది. నేను వినను. గాలం వేస్తాను, దొరుకుతుంది.

కాబట్టి, పొయ్యి మీదున్న పులుసు గిన్నె సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ తెర మూలన 'సిమ్' అని కనిపించినా ముందు సెట్టింగ్స్ తెరుస్తాను. అమ్మేవాళ్లు మాట్లాడుతుంటే కూపన్లు వెతకను. సిమ్‌లో పులుసు పెడతానే గానీ చేపలు పట్టను. మనిషి సాక్ష్యం కూడా ఉంటే బాగుంటుందని తలుపు తీసి అడిగాను. రాజేందర్ కారు అద్దం గీకడం ఆపకుండానే అన్నాడు:

"సాక్ష్యం సంగతి తర్వాత. ముందుగాల లోపలికి పోయి చూడు, పొయ్యి సిమ్‌లనే ఉన్నదా? మాడు వాసనొస్తున్నది!"