ఎవర్నీ పంపించకుండా గెలవాలి

చిలకలూరిపేటలో రెబ్కా సిస్టరంటే తెలియనివాళ్ళు తక్కువ. జ్వరమొచ్చి నర్సింగ్ హోముకు వెళ్ళినవాళ్ళకు డాక్టరు గారి మొహం గుర్తుండకపోవచ్చు గానీ, "చెయ్యి చాపు, అటు చూడు, ఏడిస్తే ఇంకోటి వేస్తా" అని గదమాయించే ఆవిడ గొంతు మాత్రం గుర్తుంటుంది. అంతటి మనిషి నలభై దగ్గర పడ్డాక కంప్యూటర్ గేముల పిచ్చిలో పడిందంటే బజారంతా నవ్వుకుంది. నవ్వేవాళ్ళకేం, నవ్వుతారు. సంగతి తెలియనప్పుడు నవ్వడమంత సులువైన పని ఇంకోటి లేదు.

ఆవిడ భర్త ఇమ్మానియేలుకు ఇంటి ముందు గదిలో డీటీపీ షాపు. పెళ్ళి కార్డులు, కరపత్రాలు, సువార్త సభల పోస్టర్లు చేసేవాడు. రెండు వేల ఒకటో సంవత్సరం వేసవిలో హైదరాబాదు నుంచి కొత్త తెలుగు ఫాంట్ల సీడీ తెప్పించుకుంటే, అందులో ఫాంట్లతో పాటు అడక్కుండానే ఓ గేము కూడా వచ్చింది. ఆసుపత్రి నడిపే ఆట. ఇంతలో ఆషాఢం వచ్చింది. పెళ్ళిళ్ళు లేక కంప్యూటరు ఖాళీ పడింది. పొద్దుటి డ్యూటీ చేసి మధ్యాహ్నం రెండింటికి ఇల్లు చేరే రెబ్కా, అన్నం తిని ఆ కుర్చీలో కూచోవడం మొదలెట్టింది.

ఆటలో మనకో ఖాళీ భవనం ఇస్తారు. గదులు కట్టుకోవాలి, డాక్టర్లను పెట్టుకోవాలి, వచ్చిన రోగులకు నయం చెయ్యాలి. రోగాలన్నీ నవ్వులాటకు పెట్టినవే. ఒకడికి ఎక్కిళ్ళతో సబ్బు బుడగలు వస్తాయి, ఇంకొకడు ఊడిపోయిన తన నీడను చంకలో పెట్టుకుని వస్తాడు. ఏడాది చివర పేరు బాగుంటే ఇంకో ఊళ్ళో పెద్ద ఆసుపత్రి ఇస్తారు.

మొదటిసారే రెబ్కా ఆసుపత్రి మూతపడింది. ఎందుకంటే, ఆవిడ ప్రతి గదిలోనూ, గది బయటా, మెట్ల కిందా కూడా బెంచీలు వేసింది. నడవడానికి దారిలేక రోగులంతా ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు.

"ఇన్ని బెంచీలెందుకే?" అన్నాడు ఇమ్మానియేలు.

"వెంట వచ్చినవాళ్ళు ఎక్కడ కూచుంటారండీ?"

"ఆట తయారుచేసినవాళ్ళ దేశంలో రోగి ఒక్కడే వస్తాడే పిచ్చిదానా."

"ఒక్కడే వస్తే బాత్‌రూముకు వెళ్ళేటప్పుడు సెలైన్ సీసా ఎవరు పట్టుకుంటారు?" అంది రెబ్కా. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఒంటరిగా వచ్చిన రోగిని ఆవిడ చూడనే లేదు మరి. అయిష్టంగానే బెంచీలు తీసేసి మళ్ళీ మొదలుపెట్టింది.

వాళ్ళ పక్క కొట్టు అనీస్‌ది. రెండు టీవీలు, రెండు ప్లేస్టేషన్లు పెట్టి గంటకింతని ఆడించేవాడు. సిస్టరమ్మ ఆసుపత్రి కడుతోందని విని పరిగెత్తుకొచ్చాడు.

"అక్కా, ఇదే ఆట నా టీవీలో కూడా ఉంది. మీరింకా రెండో ఊళ్ళోనే ఉన్నారా? నేను ఆరో ఊరికి పోయా. కప్పు కూడా ఇచ్చారు."

రెబ్కాకు పౌరుషం పొడుచుకొచ్చింది. మర్నాడు డ్యూటీ నుంచి సరాసరి అతని కొట్టుకే వెళ్ళి, తెల్లచీరతోనే స్టూలు మీద కూచుంది. అలా మొదలైంది వాళ్ళ వాదం. అది వినాయక చవితి దాకా తెగలేదు. ఒకే ఆటకు రెండు రూపాలు, ఏది అసలుది?

టీవీలో బొమ్మ పెద్దది. రంగులు కళ్ళు చెదిరేలా ఉంటాయి, పాట కూడా వస్తుంది. కానీ జాయ్‌స్టిక్‌తో బాణం గుర్తును రోగి దాకా జరిపేసరికి వాడి రోగం ముదిరిపోతుంది. గదులు కట్టినవే వస్తాయి గానీ గోడ జరపడానికి వీల్లేదు, తలుపు మార్చడానికి వీల్లేదు. ఇమ్మానియేలు కంప్యూటరులో బొమ్మ చిన్నది, అక్షరాలు చీమతలకాయంత. అయితేనేం, గోడ ఎక్కడ కావాలంటే అక్కడ గీసుకోవచ్చు, తలుపు ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. కరెంటు పోతే అనీస్ ఆసుపత్రి ఆ క్షణమే మాయమయ్యేది. రెబ్కా ఆసుపత్రిని పాత యూపీఎస్ కాసేపు కాపాడేది. అనీస్ ఇవేవీ ఒప్పుకునేవాడు కాదు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

"ఎన్నయినా చెప్పండక్కా, నా ఆసుపత్రిలో ఒక్కడు కూడా చావలేదు. మీ దాంట్లో పోయినేడు పదకొండు మంది పోయారు."

"అదెలారా?"

అనీస్ చూపించాడు. ఒక రోగి తల మీద ఎర్రగుర్తు మొదలైంది, అంటే ఇంకాసేపట్లో పోతాడని. అనీస్ బాణం గుర్తు వాడి మీద పెట్టి జాయ్‌స్టిక్ మీద గుండ్రటి బటన్ నొక్కాడు. ఆ మనిషి గిర్రున తిరిగి గేటు దాటి వెళ్ళిపోయాడు.

"చచ్చేటట్టున్నోణ్ణి ముందే పంపించేయాలక్కా. గేటు దాటాక వాడి చావు వాడిది, మన లెక్కలో పడదు."

రెబ్కా లేచి ఇంటికి వచ్చింది. కంప్యూటరులోనూ ఆ బటన్ ఉందేమోనని వెతికింది. ఉంది. కాకపోతే ఇక్కడ రోగిని నొక్కగానే ముందు ఓ చీటీ తెరుచుకుంటుంది. అందులో అతని మొహం, పేరు, ఎంతసేపటి నుంచి కూచున్నాడో ఉంటాయి. వాటి కిందే పంపించే బటన్. ఏడాది చివరి పేజీలో కూడా తేడా ఉంది. అనీస్ టీవీలో బతికినవాళ్ళు, పోయినవాళ్ళు అని రెండే వరసలు. కంప్యూటరులో మూడో వరస కూడా ఉంది, పంపించేసినవాళ్ళు ఎంతమందో.

ఆ మూడో వరస చూశాక ఆవిడకు నర్సింగ్ హోము గేటు గుర్తొచ్చింది. అనీస్ నొక్కే బటన్ నర్సింగ్ హోములో తనే కదా. పత్తికి మందు కొట్టే రోజుల్లో, గాలికి ఎదురు నడిచి ఆ విషం పీల్చి పడిపోయినవాళ్ళను ఆటోల్లో, ట్రాక్టర్లలో వేసుకొస్తారు. నోట్లో నురగ, ఒళ్ళంతా చెమట. అప్పుడు గేటు దగ్గర నిలబడి "మా వల్ల కాదు, గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి" అని చెప్పే పని రెబ్కాది. గుంటూరు గంట దారి. దారిలో యడ్లపాడైనా దాటకుండానే శవంతో వెనక్కి తిరిగొచ్చిన బళ్ళు ఆవిడకు తెలుసు. అలా చెప్పమన్నది డాక్టరు సంజీవరావు గారు. పేట నర్సింగ్ హోముల్లో అందరూ చేసేదీ అదే. ఆవిడకు సిగ్గేసింది. సిగ్గు వెంటే కోపం వచ్చింది. ఏడ్చే రకం కాదు కనక మౌసు పట్టుకుంది.

"ఎవర్నీ పంపించకుండా గెలుస్తాను" అంది అనీస్‌తో.

"గెలవలేరక్కా. ఆట తయారుచేసినోడే ఆ బటన్ పెట్టాడు."

"పెడితే పెట్టాడు. నొక్కాలో వద్దో నా ఇష్టం."

అక్కణ్ణించి రెబ్కాది పట్టు. ఓడింది, మళ్ళీ కట్టింది, మళ్ళీ ఓడింది. డాక్టర్లను పెంచినా, మంచాలు పెంచినా చావులు తగ్గలేదు. కూర మాడిన రోజు ఇమ్మానియేలు నోరు మూసుకుని తిన్నాడు, పాపం. చివరికి ఓ రోజు ఆట ఆపేసి, రోగి గేటులోంచి ఎక్కడికి నడుస్తున్నాడో వేలితో తెర మీద గీసుకుంటూ పోయింది. గేటు, చీటీల బల్ల, వరస, మళ్ళీ వరస, ఎక్కడో చివర వైద్యం గది. రోగం చంపేలోపు నడకే చంపేస్తోంది.

గేటు పక్క గోడ చెరిపేసింది. అక్కడ ఓ చిన్న గది గీసి, తలుపును సరిగ్గా గేటుకు ఎదురుగా పెట్టింది. ప్రాణం మీదికొచ్చినవాళ్ళు ముందు అందులోకే. చీటీలూ గీటీలూ తర్వాత. ఆ ఏడాది ముగ్గురే పోయారు. పంపించేసినవాళ్ళు సున్నా. కప్పు రాలేదు గానీ మూడో ఊరు ఇచ్చారు.

అనీస్ తన టీవీలోనూ అలాగే చేద్దామని చూశాడు. గోడ కదల్లేదు.

"దీంట్లో కుదరదక్కా" అని మొదటిసారి ఒప్పుకున్నాడు.

ఆ వారమే సంజీవరావు గారు మందుల చీటీ పుస్తకాల ప్రూఫు చూసుకోవడానికి షాపుకు వచ్చాడు. చెడ్డవాడేం కాదాయన. అప్పు చేసి భవనం కట్టాడు, మూడేళ్ళ కిందట ఒక చావు జరిగితే పోయినవాడి తాలూకు జనం వచ్చి ముందు వైపు అద్దాలన్నీ పగలగొట్టారు. అప్పట్నుంచి గేటు దగ్గరే పంపించే పద్ధతి పెట్టాడు.

"కూచోండి సార్, ఓ ఏడాది నడపండి" అని రెబ్కా కుర్చీ జరిపింది.

ఆయన సరదాగా కూచున్నాడు. ఎర్రగుర్తు వచ్చిన ప్రతివాడినీ పంపించేశాడు. మొదట్లో చీటీలో మొహం చూశాడు. తర్వాత చూడ్డం మానేశాడు. ఏడాది ముగిసి పేజీ వచ్చింది. పోయినవాళ్ళు, సున్నా. పంపించేసినవాళ్ళు, నలభై ఏడు. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఈ లైను దేనికి పెట్టారు?"

"టీవీ ఆటలో లేదు సార్. అక్కడ ఆడుంటే మీకు కప్పు వచ్చేది."

ఆయన మొహం ఎర్రబడింది. రెబ్కా తగ్గలేదు. గేటు పక్కన జనరేటరు పెట్టుకున్న గది ఇప్పించమంది. మందు తగిలినవాళ్ళను ముందు దాంట్లో దించి, బట్టలు విప్పి సబ్బుతో కడిగి, విరుగుడు సూది వేసి, ఆక్సిజన్ పెట్టి, ప్రాణం నిలబడ్డాక గుంటూరు పంపుదామంది.

"ఇదంతా నాకు తెలీదా రెబ్కా? చదువుకున్నదే గదా. ఎవడన్నా పోతే? మనుషులు రాళ్ళు పట్టుకొస్తే? దీన్లో అయితే మళ్ళీ మొదట్నుంచి కట్టుకుంటావు. నేను కట్టుకోలేను."

"గేటు బయట పోయినవాడు కూడా మళ్ళీ రాడు సార్."

ఆయన ప్రూఫు మడిచి జేబులో పెట్టుకుని లేచాడు. "గది తీసుకో. ఒక్క చావు జరిగిందా, గదికి తాళం వేస్తా. గేటు కాడ పాతపద్ధతే. నువ్వు కూడా వేరే చోటు చూసుకోవాల్సిందే. సరేనా?"

"సరే సార్" అంది రెబ్కా.

జనరేటరు వెనక్కి పోయింది. గదిలో ఓ మంచం, నీళ్ళ గొట్టం, సిలిండరు వచ్చాయి. ఆ ఆశ్వయుజంలో పత్తికి పురుగు విపరీతం, చేలల్లో పొద్దస్తమానం మందు కొట్టడమే. ఆ గదిలోకి చాలామందే వచ్చారు. అందరూ గుంటూరు దాకా ప్రాణంతోనే వెళ్ళారు. రెబ్కా ఆట ఆడడం మానేసింది. తీరికా లేదు, అవసరమూ లేదు.

తర్వాత బుడే వచ్చాడు. కౌలుకు పత్తి వేసినవాడు, పొద్దున్నుంచి మూతికి గుడ్డయినా లేకుండా మందు కొట్టి, మిట్టమధ్యాహ్నం చేలోనే కూలిపోయాడు. చూసినవాళ్ళు లేక, తెచ్చేసరికే ఆలస్యమైంది. రెబ్కా కడిగింది, సూది వేసింది. సంజీవరావు పక్కనే మోకాళ్ళ మీద కూచుని ఊపిరి ఆడించాడు. ఇద్దరూ చెయ్యగలిగిందంతా చేశారు. బుడే దక్కలేదు.

పొద్దు వాలేలోపు రెండు ట్రాక్టర్ల జనం దిగారు. కాంపౌండరు డాక్టరు గారికి వెనక దారి చూపిస్తున్నాడు. రెబ్కా చేతులు కడుక్కుని, ఎవరికీ చెప్పకుండా తనే వెళ్ళి గేటు తీసింది. ఉద్యోగం పోయిందని ఆవిడకు తెలుసు. దాని బాధ కాదు. గదికి తాళం పడుతుందే అని ఏడుపొచ్చింది.

బుడే భార్య రసూల్‌బీ అందరికంటే ముందు ఉంది. "గుంటూరు పంపకుండా ఎందుకు పెట్టుకున్నారు? అక్కడైతే బతికేవాడేమో. ఎవరు పెట్టుకోమన్నారు మిమ్మల్ని?" అని రెబ్కా భుజాలు పట్టుకుని ఊపేసింది. వెనక ఎవరో రాయి విసిరితే అద్దం ఒకటి భళ్ళున పగిలింది.

నేనే అని చెప్పబోయింది రెబ్కా.

"నేనేనమ్మా" అన్న మాట వెనక నుంచి వినిపించింది. సంజీవరావు. కోటు లేదు, చొక్కా అంతా సబ్బు నీళ్ళు. రెబ్కా పక్కనే వచ్చి నిలబడ్డాడు. "ఉంచమన్నది నేనే. దారిలో పోతాడని భయమేసి ఉంచాం. బతికించలేకపోయాం. ఏమనాలన్నా నన్నే అనండి."

రెండో రాయి పడలేదు. రసూల్‌బీ రెబ్కా భుజాలు వదల్లేదు గానీ ఊపడం ఆపి, అలాగే ఆవిడ మీద పడి ఏడ్చింది. రెబ్కా కూడా ఏడ్చింది. ఆవిడ ఏడవగా పేటలో ఎవరూ చూసింది లేదు.

మర్నాడు పొద్దున రెబ్కా నర్సింగ్ హోములో ఉన్న తన బట్టలు సర్దుకుని వెళ్ళడానికని వచ్చింది. గదికి తాళం లేదు. ఎవర్నన్నా అడుగుదామనుకునేలోపే గేటు ముందు ఆటో వచ్చి ఆగింది. లోపల ఓ ఆడమనిషి ఒళ్ళో మనిషి, నోట్లో నురగ.

"గుంటూరు తీసుకుపోమంటారా?" అని అరిచాడు ఆటోవాడు.

"ముందు దించు" అంటూ రెబ్కా వెళ్ళి తల వైపు పట్టుకుంది. కాళ్ళ వైపు పట్టుకున్నది సంజీవరావు.