చల్లారనివ్వని దిమ్మలు

మొన్న అబిడ్స్‌లో బస్సు కోసం నిలబడి ఉంటే రోడ్డు అవతలి నుంచి మా బావ చెయ్యి ఊపాడు. "ఏం బామ్మర్దీ, మంచిగున్నవా?" అని రిక్షాల మీదుగా కేకేశాడు. తలూపాను. పన్నెండేళ్లలో మా మధ్య నడిచిన సంభాషణ అంతే.

నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో ఆయనకొక రేకుల షెడ్డు, అందులో పాత మిల్లింగ్ మిషను ఉండేవి. ఇనుప దిమ్మలను తిరిగే కట్టరు కింద బిగించి కొలతకు చెక్కడం అక్కడి పని. నేనూ అక్కడే పనిచేసేవాణ్ణి. ఏడో తరగతితో ఆగినవాణ్ణి, కానీ లెక్కల పిచ్చి మాత్రం ఆగలేదు. గడియారం ముందు పెట్టుకుని ఏ కోతకు ఎంత సేపు పడుతుందో నెల రోజులు రాసుకున్నాను. పనివాళ్లు భయంభయంగా ఒక్కో దిమ్మను పన్నెండుసార్లు పలచగా గీకేవారు. రోజుకు ఆరు దాటేవి కావు. నేను నాలుగు లోతైన కోతలు చాలన్నాను. ఆపైన అర మిల్లీమీటరు మిగిల్చి, దిమ్మను విప్పి షాబాదు బండ మీద చల్లార్చి, మళ్లీ మెల్లగా బిగించి చివరి కోత వేయమన్నాను. వేడి మీద ఇనుము ఉబ్బి ఉంటుంది, చల్లారాక తగ్గుతుంది; అప్పటి కొలత నమ్మడానికి లేదు. పద్ధతి మారాక రోజుకు పది దిమ్మలు తయారయ్యాయి, ఒక్కటీ తిరిగి రాలేదు. మా దిమ్మలు కొనే ఫ్యాక్టరీ నుంచి సరుకు చూడవచ్చిన ఇన్‌స్పెక్టరుతో బావ, "రెండేండ్లు ఆలోచించి నేనే కనిపెట్టిన సార్" అన్నాడు. నవ్వుకుని ఊరుకున్నాను. ఇంటి మనిషే కదా.

తర్వాత నాకు జ్వరమొచ్చి నాలుగు రోజులు పడుకున్నాను. లేచి వెళ్లేసరికి షాబాదు బండ మీద నూనె డబ్బాలు పేర్చి ఉన్నాయి.

"గింత సేపు సల్లార్చుడేంది? గవేమన్న పెండ్లి పిల్లలా, విసనకర్రతోని ఊపుతందుకు?" అన్నాడు బావ. పనివాళ్లు నవ్వారు.

వారంలో ఇన్‌స్పెక్టరు దిమ్మలన్నీ వెనక్కి తెచ్చాడు. "అన్నీ కొలతకు తక్కువున్నయి. ఎవరి పనయ్యా ఇది?"

అప్పుడే మా అక్క టిఫిన్ డబ్బాతో లోపలికి వచ్చింది. బావ నా వైపు చూడనైనా లేదు. "లెక్కలన్నీ మా బామ్మర్దియే సార్. సదువుకోనోని మాట ఇన్నందుకు గిట్లైంది."

చల్లార్చడం మాన్పించింది ఎవరో పనివాళ్లందరికీ తెలుసు. ఒక్కరూ తలెత్తలేదు. ఇన్‌స్పెక్టరు నన్ను కిందినుంచి పైదాకా చూసి, "ఈయన చెయ్యి పడితే నాకు సరుకొద్దు" అన్నాడు. అక్క ముఖం చూసి నేను నోరు విప్పలేదు. ఆ సాయంత్రమే షెడ్డు వదిలేశాను. తర్వాత గల్లీలో ఏ మిషను దగ్గరికి వెళ్లినా ఆ మాట నాకంటే ముందే చేరి ఉండేది.

నిజం చెప్పడానికి ఆ రోజు అర నిమిషం పట్టేది. చెప్పనందుకు పన్నెండేళ్లు పట్టాయి, ఇంకా అయిపోలేదు.