బావ బిగించిన ములుకులు

టైరు పగిలి బస్సు ఆగిన చోట పంక్చర్ల కొట్టు తప్ప మరేమీ లేదు. దాని ముందు, రేవులో ఐసు దింపి వెనక్కి పోతున్న లారీ ఒకటి ఇంకా నీళ్లు కారుస్తూ నిలబడి ఉంది. దాని నీడలో పీట మీద కూర్చున్న మనిషిని చూడగానే బావ చేతిసంచీని గుండెకు హత్తుకున్నాడు. ఎవరిని వెతుక్కుంటూ రేవుకు బయల్దేరాడో ఆ బావమరిదే దారిలో తగిలాడు.

బావ అన్నది పేరేమీ కాదు. బావమరిది పడవ ముక్కున నిలబడి పెద్ద చేపల మీద బల్లెం విసిరే మనిషి. అతని నోటి పిలుపునే రేవంతా అందిపుచ్చుకుంది. వలలు కుట్టేవాళ్ల దగ్గర్నుంచి పడవ షావుకారు దాకా అందరికీ ఇతను బావే. నిరుడు ఒక కొమ్ము చేప, బల్లెం దిగాక కూడా తప్పించుకుపోయింది. ఆ బల్లెం ములికి, అంటే కొస మొన, బావ చేసి బిగించినదే. ఆ మర్నాటి నుంచి రేవులో అతని పనీ, ఆ పిలుపూ ఆగిపోయాయి. ఇంట్లో పిలవడానికి భార్య అంతకుముందే పోయింది.

వేట కథల్లో విసిరినవాడి గురించే రాస్తారు. బిగించినవాడి ఊసెత్తిన పుస్తకం అరుదు. నిజానికి చేపను పట్టేది విసురు కాదు, వదులు. బల్లెం గెడ చివరి ఇనుప చువ్వకు కంచు ములికి తొడుగుతారు. ములికి నడుముకు తాడు. దెబ్బ తగిలాక చువ్వ జారి బయటికి రావాలి, ములికి లోపలే ఉండి, తాడు లాగగానే అడ్డం తిరగాలి. ఏడాదిపాటు బావ ఒంటిగదిలో కూర్చుని పాత తాళ్ల పురులు విప్పి చూశాడు, ములుకులు కోసి చూశాడు. తప్పెక్కడో దొరకలేదు. చివరికి కొత్తవి చేసి సంచీలో వేసుకున్నాడు.

“ఏంటి బావా, బతికే ఉన్నావా?”

“నీ నోరు మూయించే పని మిగిలింది కదరా.”

“అది మా అక్క వల్లే కాలేదు, నీ వల్ల ఏమవుతుంది!” బావమరిది పక్కకు జరిగి చోటిచ్చాడు. “షావుకారు బజారు ములుకులు కొనమన్నాడు. కొలతకి బల్లెం చువ్వ ఊడదీసుకుని ఈ లారీ ఎక్కా.”

“ముందు ఇవి చూడు.”

“ఏం చూడమంటావు? నీ ములికి చువ్వని వదల్లేదు. గెడతో పాటే ఊడొచ్చింది. పడవలో అందరూ నా మొహమే చూశారు.”

బావ కొత్త ములికిని ఆ చువ్వకు తొడిగి, తలకిందులుగా పట్టుకుని వేలితో తట్టాడు. జారి పడాల్సింది, కదల్లేదు. ఇంట్లో కొలతకు పెట్టుకున్న చువ్వ మీద మంచులా జారిన ములికే ఇది. చువ్వ పొడవునా బొటనవేలు పోనిచ్చాడు. దళసరిగా ఆకుపచ్చ రంగు.

“రంగెవరు పూశారు?”

“అక్కే.” బావమరిది గొంతు మెత్తబడింది. “పోయే ముందు వానల్లో. నువ్వు తాళ్లు కొనడానికెళ్లావు. ‘తుప్పు పట్టినదాన్ని నమ్ముకుని సముద్రం మీదకి పోతావట్రా వెధవా’ అని తిట్టి, తలుపుకి వేయగా మిగిలింది పట్టించింది. ఇప్పటికీ చెక్కు చెదరలేదు చూడు. గెడ మార్చాను గానీ దీన్ని మార్చలేదు.”

చెబుతూనే చువ్వను తువ్వాలు కొంగుతో, పసిపిల్ల మూతి తుడిచినట్టు తుడిచాడు.

ఒక్క ముక్క చాలు. ఆ రంగు గీకెయ్యమంటే తప్పు ములికిది కాదని తేలుతుంది, రేవు మళ్లీ పిలుస్తుంది. ఆ ముక్క నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. బావ సంచీలోంచి సన్నటి ఆకురాయి తీసి, నేల మీద చతికిలబడి, ములికిలో చువ్వ దూరే గొట్టాన్ని లోపల అరగదీయసాగాడు. కంచు పొడి ఒళ్లో రాలింది. మళ్లీ తొడిగి తట్టాడు. ములికి జారి అరచేతిలో పడింది.

“అరే! ఏం చేశావు?”

“గొట్టం ఇరుకైంది. బిగువు ఎక్కువ పెట్టాను.”

“అంటే తప్పు నీదేగా?”

“నాదే.”

“ఈ ముక్క నిరుడే అని ఏడిస్తే పోయేది కదా! తాడు పాతదన్నావు, నేను వంకరగా విసిరానన్నావు...” బావమరిది బావ వీపు మీద ఒక్కటి చరిచాడు. “ఇవి నేను పట్టుకెళ్తాలే. కానీ షావుకారు నిన్ను మళ్లీ పనిలోకి రానిస్తాడా అంటే మాత్రం...”

“తెలుసురా.”

మిగతా ములుకులు కూడా అరగదీసి పీట మీద పెట్టాడు. బస్సు హారన్ కొట్టింది. అది రేవుకు పోయే బస్సు. రేవులో ఇక పనేముంది? బావమరిది లారీ డ్రైవరుకు ములికి చూపిస్తూ, “మా బావ చెయ్యే. మొండిఘటం గానీ...” అంటూ అటు తిరిగి ఉన్నాడు. బావ ఒళ్లోని కంచు పొడి దులుపుకుని లేచి, ఖాళీ సంచీ భుజాన వేసుకుని, వచ్చిన దారినే ఎండలో నడిచి వెళ్లిపోయాడు.