ఉల్టా తిరిగిన ఫ్యాను

ఇది అబద్ధమైతే రేపటి నుంచి నా కొట్లో ఒక్క బేరం తగలొద్దు. కొట్టోడి కొడుకుని, ఇంతకంటే పెద్ద ఒట్టు నాకు రాదు.

కామాటిపురలో మాది ఒకటే ఖోలీ, వంటా పడకా అన్నీ ఆ గదిలోనే. ఫ్యాను కెపాసిటర్ పోయింది. అది పోతే ఫ్యాను ఊరికే మూలుగుతుంది... తిరగదు. కర్రతో రెక్కని తొయ్యాలి. ఎటు తోస్తే అటే తిరుగుతుంది. కొత్తది కొనమన్నారంతా. నేను నాగ్‌పాడాలో పాత ఫ్యానులోంచి ఊడదీసింది గంటసేపు బేరమాడి తెచ్చాను. నా తెలివికి అది వారం పనిచేసింది.

ఇక కర్రే గతి. ఆ పని మా అవ్వది. ఎడమచేతి వాటం, ఎప్పుడూ ఉల్టా తోసేది. గాలి పైకి పోయేది. అరిస్తే, "పై అంతస్తోళ్లకు ఉక్కపోయదారా?" అనేది.

అవ్వ పోయిన నెలకి, వాన రాత్రి. కరెంటు పోయి వచ్చింది. కిటికీ మూసి ఉంది. ఫ్యాను మూలుగుతోంది... మ్మ్మ్... కర్ర నా పక్కలోనే ఉంది. లేవడానికి బద్ధకం.

టక్.

రెక్కకి కర్ర తగిలిన చప్పుడు.

నా చెయ్యి కర్ర మీదే ఉంది... రెక్క కదిలింది... మెల్లగా... ఇంకోటి... గాలి కోసం ముఖం ఎత్తాను. రాలేదు. దండెం మీది చీర కొంగు... పైకి లేచింది.

"చూసినవా?" చీకట్లో నా భార్య యమున గొంతు.

"చూసిన."

"తెల్లారంగనే ఈ ఖోలీ ఇడిసిపెడదాం. విరార్‌ల మా అన్న ఉన్నడు."

"మా తాత ఇటుకలు మోసి సంపాయించిన జాగ. ఫ్యాను తిరిగిందని ఇడుస్తనా?"

"తిప్పింది ఎవలు మరి?"

"ఎవలైతేంది. ఉండనీ. కిరాయి అడుగుతలేను."

మాట గట్టిగానే అన్నాను. కాళ్లు మాత్రం దుప్పట్లోకి లాక్కున్నాను.

పొద్దున ఫోరస్ రోడ్ ఎలక్ట్రిషియన్ చూసి, "కెపాసిటర్ చచ్చిన ఫ్యానుకి కొంచెం కదలిక చాలు. ఎలుక తగిలుంటది" అన్నాడు.

"ఎలుకకి ఎడమచేతి వాటమా?" అన్నాను. అతను సంచి సర్దుకున్నాడు.

కొత్త కెపాసిటర్ కొన్నాను, బేరమాడకుండా. గూట్లో ఉంది. యమున రోజూ బిగించమంటుంది. బిగిస్తే స్విచ్ వెయ్యగానే అదే తిరుగుతుంది... ఆ రాత్రి తోసిందెవరో ఇక ఎప్పటికీ తెలియదు.

అందుకే కర్ర నాకు అందకుండా, వచ్చేవాళ్లకి అందేలా తలుపు దగ్గర పెట్టి పడుకుంటున్నా. మూలుగు వింటూ... ఎలుకో, అవ్వో, ఇంకెవరో. ఖోలీ మాత్రం ఖాళీ చెయ్యను.