ఒంటెకి క్యారియర్లు చేసిన మేనల్లుడు

ఆ రోజుల్లో నాకు చేతకాని పనంటూ లోకంలో ఏదీ ఉండేది కాదు. ఫోన్‌లో వీడియో ఇంకా చూడలేదు కాబట్టి మొదలుపెట్టని పనులు మాత్రం కొన్ని ఉండేవి. ఇరవై ఆరేళ్ళ వయసు, బందరు చిలకలపూడిలో రోల్డుగోల్డు నగల పని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జూకాలకి కొక్కేలు అతికించడమే నా ఉద్యోగం. చిన్న మంట, చిన్న పట్టకారు, ఇంకా చిన్న అతుకు. ఆవగింజంత అతుకు సరిగ్గా పడిందో లేదో చూడాలంటే ముక్కు కాలేంత దగ్గరగా వంగి చూడాలి. (ఈ వంగి చూసే అలవాటే తర్వాత నా కొంప ముంచింది. కాస్త గుర్తుపెట్టుకోండి.)

మా పెద్దమావయ్య, అంటే అమ్మకి పెద్దన్నయ్య, దివిసీమలో నాగాయలంక దగ్గర రొయ్యల చెరువులు చేసేవాడు. చెరువు గట్ల మీద తిరగడానికి ఎక్కడో పాతది కొన్న పొడుగుకాళ్ళ మోటారుసైకిలు ఆయనకొకటి ఉండేది. కొండలూ ఎడారులూ దాటడానికి తయారైన బండట అది. పాపం, దివిసీమలో దానికి దొరికిన ఎత్తయిన చోటు వరద ఆపే కరకట్ట ఒక్కటే. అందరం దాన్ని ఒంటె అనేవాళ్ళం. ఇక మావయ్య నోరు సంగతి చెప్పాలంటే, ఆయన గట్టు మీదికొస్తే చెరువులో రొయ్యలు అడుగుకి పోతాయని ఊళ్ళో అనుకునేవాళ్ళు. ఆ ఇంటి లోపలి గదిలో ఒక ఇనప మంచం ఉండేది. దాని ఒక కాలి కింద ఎప్పుడూ ఓ ఇటుక. చిన్నప్పుడు నేనోసారి "మావయ్యా, ఈ ఇటుకెందుకూ?" అని అడిగినందుకు తిన్న తిట్లు ఇక్కడ రాయడానికి వీల్లేదు.

ఒక ఆదివారం వాళ్ళింట్లో భోజనాల దగ్గర మొదలైంది నా గ్రహచారం. మావయ్యకి మోకాళ్ళు మొరాయించి ఒంటె మీదికి కాలెత్తలేకపోతున్నాడు. దాన్ని గుడివాడలో ఎవరికో అమ్మేద్దామని బావ (మావయ్య కొడుకు) అంటున్నాడు. నాకు ప్రాణం విలవిల్లాడింది. "మావయ్యా, నాకిచ్చెయ్. రెండు పక్కలా పెట్టెలు కట్టుకుని లడాఖ్ వెళ్ళొస్తాను" అన్నాను.

"పెట్టెలు దేనికి కడతావురా, నీ మొహానికా?"

"ఇనప క్యారియర్లు చేసి బిగిస్తాను. నేనే చేస్తాను. రోజూ అతికే పనే కదా మావయ్యా. వెల్డింగంటే అదే, కాస్త పెద్ద సైజు."

మజ్జిగ పోస్తున్న అత్తయ్య చెయ్యి ఆగింది. మావయ్య ముద్ద చేతిలోనే పట్టుకుని నన్ను ఎగాదిగా చూశాడు. తిట్టు వస్తుందని తల వంచుకున్నాను. రాలేదు. "సరే, బండి పట్టుకెళ్ళు. నీ చేత్తో చేసిన క్యారియర్లు బిగించి ఈ గుమ్మం ముందుకి తీసుకొచ్చావా, ఒంటె నీది. ఎవడో చేసినవి తెచ్చి నావేనన్నావో, బండీ ఉండదు, నువ్వూ ఉండవు" అన్నాడు. బావ ఏదో అనబోయాడు గానీ, "నువ్వు నోర్మూసుకుని తిను" అనేసరికి గుమ్మంలో పడుకున్న కుక్క కూడా లేచి పెరట్లోకి పోయింది.

బందర్లో నేర్చుకుంటే సాయంత్రానికల్లా మావయ్యకి కబురు వెళ్తుందని గుడివాడలో గురువుని వెతుక్కున్నాను. ట్రాక్టరు ట్రక్కులు చేసే షెడ్డు ఆయనది. చెవి వెనకాల ఎప్పుడూ ఒక వెల్డింగ్ రాడ్డు ఉంటుంది కాబట్టి అందరికీ రాడ్డు బాబాయి. ఆయన పద్ధతి విచిత్రం. ముద్దొస్తే "ఏరా" అంటాడు, కోపమొస్తే "అండీ" అంటాడు. నన్ను మొదటి రోజు నుంచీ "అండీ" అనే అన్నాడు, నగల పనివాణ్ణని "బంగారం గారూ" అని కూడా. నేను రాడ్డు పట్టుకున్న తీరే ఆయనకి నచ్చలేదు. వేళ్ళ కొసలతో, పట్టకారు పట్టుకున్నట్టు సుతారంగా పట్టుకునేవాణ్ణి. రాడ్డు వెళ్ళి ఇనుముకి అంటుకుపోయేది. పీకితే రాదు. ఇంకా పీకితే క్యారియరు మొత్తం లేచొచ్చేది. పైగా అలవాటు కొద్దీ, అతుకు ఎలా పడిందో చూద్దామని ప్రతి నిమిషం మొహం దించేవాణ్ణి. వీపు మీద చెళ్ళున పడేది.

"బంగారం గారూ, అది ముక్కుపుడక కాదండీ. దూరంగా ఉండండి. అద్దం అడ్డం పెట్టుకోకుండా ఆ వెలుగు చూశారో, అప్పుడేం తెలీదు. ఆరు గంటలు పోయాక తెలుస్తది. కళ్ళల్లో ఇసక పోసి రుద్దినట్టుంటది. తల్లి పోయినా అంత ఏడవరు."

ఆదివారం ఆదివారం గుడివాడ వెళ్ళి, రెండు నెలలకి ఎడమవైపు క్యారియరు పూర్తి చేశాను. అక్కడక్కడా చీమలపుట్టల్లా ఉబ్బినా, లాగితే ఊడలేదు. ఇక రెండోది. దాన్ని మొదటిదాని పక్కనే పెట్టుకుని, కొలిచి కొలిచి, వెంట్రుకవాసి తేడా లేకుండా చేశాను. మరి మా పనిలో జత అంటే రెండూ అచ్చుగుద్దినట్టు ఉండాలి. జూకాల్లో కుడిదీ ఎడమదీ అని ఉండదు కదా! తీసుకెళ్ళి కుడివైపు పెడితే బోల్టులు బిగించే చెవులన్నీ బయటికి తిరిగి రోడ్డుని చూస్తున్నాయి. సైలెన్సరుకని వదలాల్సిన చోటు అసలే లేదు. రాడ్డు బాబాయి రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"బంగారం గారూ, చిన్న సందేహమండీ. మీ బందర్లో చెప్పులు కూడా రెండూ ఎడమకాలివే తొడుక్కుంటారా?"

దాన్ని ముక్కలు చేసి మళ్ళీ మొదలుపెట్టాను. అది సగంలో ఉండగా మావయ్య పోయాడు. పొద్దున్నే కాఫీలో పంచదార ఎక్కువైందని అత్తయ్యని తిట్టి, కుర్చీలో వెనక్కి వాలి, అలాగే వెళ్ళిపోయాడట. కబురు తెలిసి పరిగెత్తాను. జనం బోలెడంత వచ్చారు గానీ ఏడ్చినవాళ్ళు మాత్రం లేరు. వచ్చిన ప్రతివాడికీ ఆయన చేత తిన్న తిట్టు ఏదో ఒకటి గుర్తుకొచ్చి కన్నీళ్ళు వెనక్కి పోయినట్టున్నాయి. నాకూ అంతే. బావ షామియానా వాళ్ళతో, వంటవాళ్ళతో తలమునకలుగా ఉన్నాడు. అత్తయ్య గోడకి ఆనుకుని పొడి కళ్ళతో కూర్చుంది. "నలభై ఏళ్ళు కాపురం చేసింది, ఒక్క చుక్క రాలేదు చూశావా" అని వెనక ఆడవాళ్ళు చెవులు కొరుక్కుంటున్నారు. ఆ మాట ఆవిడకి వినబడిందని నాకు తెలుసు. నేను మాత్రం ఏడ్చి చచ్చానా ఏమిటి?

వచ్చేసేటప్పుడు బావ పక్కకి పిలిచాడు. "పెద్దకర్మ రోజుకి ఒంటెని తెచ్చెయ్ బావా. దాన్ని కొనే గుడివాడాయన భోజనానికొస్తాడు, అటునుంచటే తోలుకుపోతాడు."

"అదేంటి బావా, క్యారియర్లు చేస్తే నాదేనని మావయ్య మాటిచ్చాడు కదా!"

"చేశావా మరి?"

"ఎడమది చేశాను."

"కుడిది?"

"అది కూడా... ఎడమదే చేశాను."

బావ నా భుజం తట్టాడు. "రెండూ బిగించి తీసుకురా, చూద్దాంలే. కానీ నువ్వే చేశావని ఎవరు చెప్తారు? నాన్నయితే ఒక్క చూపుతో తేల్చేవాడు. ఇప్పుడు ఆయనే లేడాయె."

పెద్దకర్మ రోజు తెల్లవారేసరికి గుడివాడ షెడ్డులో ఉన్నాను. ఇంకో నాలుగు అతుకులు పడితే కుడిది అయిపోతుంది. అంతలో మొహానికి అడ్డం పెట్టుకునే అద్దం నా చేతిలోంచి జారి రెండు ముక్కలైంది. బాబాయి తన అద్దం రోజూ ఇంటికి పట్టుకెళ్ళిపోతాడు, ఇంకోటి కొనాలంటే తొమ్మిదింటికి గానీ కొట్లు తెరవరు. ఆ లెక్కన నేను బయలుదేరి దివిసీమ చేరేసరికి బండి గుడివాడాయనదైపోతుంది. నాలుగే అతుకులు కదా, కళ్ళు మూసుకుని వేసేద్దామనుకున్నాను. మూసుకునే మొదలుపెట్టాను, ఒట్టు. కానీ పన్నెండేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? అతుకు పడుతుందో లేదోనని ప్రతిసారీ ఒక కన్ను తెరిచాను. తర్వాత రెండోదీ తెరిచి, వంగి మరీ చూశాను. అయిపోయి తలెత్తేసరికి రాడ్డు బాబాయి రెండు టీ గ్లాసులతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పగిలిన అద్దాన్ని చూశాడు, నన్ను చూశాడు. "పన్నెండింటికి ఒకసారి మమ్మల్ని తలుచుకుంటారండీ బంగారం గారు" అన్నాడు.

రెండూ బండికి బిగించి బయలుదేరేసరికి ఎనిమిది దాటింది. పామర్రు, మొవ్వ, చల్లపల్లి మీదుగా ఒంటె నా క్యారియర్లని తాళాల్లా మోగించుకుంటూ పదకొండింటికి మావయ్య గుమ్మం ముందు ఆగింది. పెట్టెలు లేవు, ఉత్త క్యారియర్లే. అయినా నా ఛాతీ ఉబ్బింది. గుడివాడాయన అప్పటికే వచ్చి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. బావ చుట్టూ తిరిగి చూసి, "ఏ వెల్డరు దగ్గర చేయించావు బావా? మోసం చేశాడు నిన్ను" అన్నాడు. నేనే చేశానంటే నవ్వాడు. సరే, భోజనాలయ్యాక మాట్లాడుకుందామన్నాడు.

దండ వేసిన మావయ్య ఫొటోకి ఒక్కొక్కరూ పూలు వేసి దణ్ణం పెడుతున్నారు. నా వంతు వచ్చేసరికి కళ్ళల్లో ఏదో గరగరలాడింది. దోసిట్లో పూలతో ఫొటో ముందు నిలబడ్డాను. సరిగ్గా అప్పుడు, రాడ్డు బాబాయి గడియారం చూసి స్విచ్చు వేసినట్టు, ఇసక మొత్తం కళ్ళల్లో పడింది. తెరిస్తే మంట, మూస్తే అంతకంటే మంట. కన్నీళ్ళు ధారలు ధారలుగా కారి గడ్డం మీంచి పూలలో పడుతున్నాయి. ముక్కు ఎగబీల్చాను. నొప్పికి "అమ్మా" అని మూలిగాను. అది జనానికి "మావయ్యా" అని వినబడిందేమో తెలీదు, వసారాలో తలలన్నీ ఒక్కసారి నా వైపు తిరిగాయి.

"మేనల్లుడంటే వాడురా!" అన్నారెవరో పెద్దాయన. "కన్నకొడుక్కి కూడా రాలేదు అంత దుఃఖం" అని ఇంకొకరు. బావ తల వంచుకున్నాడు. 'ఇది దుఃఖం కాదండీ, వెల్డింగు' అని చెప్పడానికి అది సమయమా? నేను ఆపుకుందామని కళ్ళు నులుముకున్న కొద్దీ ఇంకా కారుతున్నాయి. అప్పుడు అత్తయ్య లేచి వచ్చింది. నా గడ్డం పట్టుకుని మొహం వెలుగులోకి తిప్పి, రెప్ప పైకెత్తి చూసింది. నా చొక్కా దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది. మరుక్షణం కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని కూలబడిపోయింది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. "హమ్మయ్య, ఏడ్చిందమ్మా మహాతల్లి" అని ఆడవాళ్ళందరూ చుట్టూ చేరి శోకాలు మొదలెట్టారు. చెవులు కొరుక్కున్నవాళ్ళే అందరికంటే గట్టిగా ఏడ్చారు. గుడివాడాయన కూడా కండువాతో కళ్ళొత్తుకున్నాడు.

కాస్త సర్దుకున్నాక అత్తయ్య ముంగిట్లోకి వెళ్ళి, కుడివైపు క్యారియరు మీద చెయ్యి వేసి తడిమింది. "ఇవి వీడే చేశాడు" అంది.

"నీకెలా తెలుసమ్మా?" అన్నాడు బావ.

"తెలుసు. మీ నాన్న పోయినా ఆయన ఇచ్చిన మాట నిలబెట్టడానికి నేనున్నాను. బండి వీడిది."

బావ గుడివాడాయన వైపు చూశాడు. "వద్దండీ బాబూ, ఇంత ప్రేమున్నవాడి దగ్గర లాక్కుంటే నాకు పాపం తగులుద్ది" అని ఆయన విస్తరి దగ్గరికి వెళ్ళిపోయాడు.

జనం వెళ్ళాక అత్తయ్య నన్ను చెయ్యి పట్టుకుని లోపలి గదిలోకి తీసుకెళ్ళింది. కిటికీలు వేసి, ఇనప మంచం మీద పడుకోబెట్టింది. నాకు సిగ్గూ భయమూ ముంచుకొస్తున్నాయి. "అత్తయ్యా, నన్ను చెప్పుతో కొట్టు. నేను ఏడవలేదు. అది..." అంటుండగానే కళ్ళ మీద చల్లగా ఏదో పడింది. బంగాళాదుంప చక్రాలు.

"నోర్మూసుకుని పడుకో. ముప్ఫై ఏళ్ళు ఈ మంచం మీదే మీ మావయ్యకి పెట్టాను ఇవి. చెరువు ఇంజన్లకి ఆయనే అతుకులేసుకునేవాడు. అద్దం పెట్టుకోమంటే వింటేనా? ఆ కళ్ళు నాకు తెలీవంటావా?"

"మావయ్యకి వెల్డింగ్ వచ్చా!"

"వచ్చని ఆయన అనుకునేవాడు. ఈ మంచం ఎవరు చేశారనుకున్నావు? పెళ్ళైన కొత్తల్లో నాకోసం చేశాడు. మూడు కాళ్ళు ఒక కొలత, నాలుగోది ఆయన కొలత. ఇటుక మాటెత్తితే ఒంటికాలి మీద లేచేవాడు. నువ్వు ఒంటెని తోలుకెళ్ళిన రోజు, 'చూస్తూ ఉండవే, వీడూ వంకరగానే చేసుకొస్తాడు' అని ఒకటే నవ్వు. ఆయన నవ్వగా ఎప్పుడైనా చూశావా నువ్వు?"

చూడలేదు.

"ఫొటో ముందు నీ కళ్ళు చూసేసరికి ఆయనే వచ్చి నిలబడ్డట్టనిపించింది. నవ్వు ఆగలేదురా. పెద్దకర్మ రోజు నవ్వితే బాగుంటదా? కొంగు అడ్డం పెట్టుకున్నాను. వాళ్ళేమో ఏడుస్తున్నాననుకున్నారు." అంటూ మళ్ళీ నవ్వడం మొదలెట్టింది. మంచం అంచున కూర్చుని నవ్వుతూనే ఉంది. మంచం ఊగుతోంది, ఇటుక కిరకిరలాడుతోంది. ఉన్నట్టుండి ఆ నవ్వు గొంతులో ఎక్కడో విరిగింది. బంగాళాదుంప ముక్కల కింద నాకేమీ కనబడలేదు. ఆవిడ చెయ్యి వెతికి పట్టుకున్నాను. నా కళ్ళల్లోంచి కూడా మళ్ళీ నీళ్ళు కారాయి. ఈసారి మంట లేదు.

ఒంటె లడాఖ్ వెళ్ళలేదు. దాని దూర ప్రయాణం దివిసీమ చివరి హంసలదీవి దాకా. క్యారియర్లకి పెట్టెలకి బదులు అత్తయ్య బియ్యం మూటలు, గ్యాస్ సిలిండరు ఎక్కాయి. కుడిది ఇప్పటికీ మోగుతుంది, ఊడదు. నాకు మాత్రం ఒక బిరుదు మిగిలిపోయింది. మా చుట్టాల్లో ఎవరు పోయినా నన్ను పిలిచి ముందు వరసలో కూర్చోబెడతారు. "మేనల్లుడంటే వీడురా" అని పిల్లలకి చూపిస్తారు, ఇప్పుడేడుస్తాడు చూడండన్నట్టు. నేను మొహం వీలైనంత దీనంగా పెట్టుకుని నేల చూస్తాను. ఆ వైపు ఆడవాళ్ళ మధ్య అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంటుంది. పొరపాటున కూడా ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోం.