ఖాళీగా తిరిగిరాని పుస్తకాలు

మొన్న ఆదివారం మా అక్క కూతురు ఫోన్ చేసి, గూడెం లైబ్రరీకి కొత్త గది కట్టారనీ, రిబ్బను నేనే కత్తిరించాలనీ ఒకటే పోరు. గోదావరిఖనిలో ఈ ఎండలకు గడప దాటడమే గండం, నా మోకాళ్లా నా మాట వినడం ఎప్పుడో మానేశాయి. అయినా ఆ పిల్ల "చిన్నమ్మా, నువ్వు రాకుంటే మా అమ్మ రానట్టేనే" అన్నాక చీర మార్చుకుని మందమర్రి బస్సెక్కాను. ఆ లైబ్రరీని మొదటి నుంచీ నడిపింది వాళ్లమ్మే, అంటే మా అక్క. ఆమె పోయి కొన్నేళ్లయింది.

గది చూసి కళ్లు చెదిరాయనుకోండి. పక్క గూడేల పిల్లల కోసం గోండీ, కోలామీ భాషల్లో బొమ్మల పుస్తకాలు, ఉద్యోగ పరీక్షల పుస్తకాలు, దరఖాస్తులు నింపిపెట్టే కంప్యూటరు, మంచం పట్టినవాళ్ల ఇంటికే పుస్తకాలు మోసుకెళ్లే సంచి, ఇవన్నీ చాలవన్నట్టు మా ముసలివాళ్ల పాటలూ కథలూ రికార్డు చేసి, చెవులకు తగిలించుకుని వినే ఏర్పాటు కూడా. నేనూ తగిలించుకున్నాను. మా మేనత్త నాట్ల పాట పాడుతుంటే మధ్యలో కోడి కూసింది, ఆ కూతనూ తీసెయ్యకుండా ఉంచారు, ప్రాణం లేచివచ్చింది. అక్క గొంతు మాత్రం అందులో లేదు. ఆమె ఉన్నన్నాళ్లూ ఆ ఆలోచన ఎవరికీ రాలేదు మరి.

మాది నాయకపోడు తెగవాళ్ల గూడెం. మా బాపు బొగ్గుబాయిలో పనికి కుదిరిన కొత్తలో, మైనింగ్ కాలనీ యువకులు కొందరు చందాలు వేసుకుని ఒక ట్రంకుపెట్టె నిండా పుస్తకాలు తెచ్చి మా అరుగు మీద పెట్టారు. ఏడో తరగతితో బడి మానేసి అడవి నుంచి కట్టెల మోపులు మోస్తున్న అక్కకు దాని బాధ్యత అప్పగించారు. ఇక చూడండి ఆమె దర్జా! పొద్దున్నే తల దువ్వుకుని, పెట్టె పక్కన తహసీల్దారులా కూర్చునేది. అంతకుముందు పేరు పెట్టి పిలిచినవాళ్లంతా లైబ్రరీ అక్క అనడం మొదలుపెట్టారు, ఆ పిలుపు విన్నప్పుడల్లా ఆమె ముఖం వెలిగిపోయేది.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, మా దగ్గర ఒకరింటి నుంచి తెచ్చుకున్న గిన్నెను ఉత్తగా తిరిగి ఇవ్వరు, పిడికెడు గింజలో ఓ బెల్లం ముక్కో వేసి ఇస్తారు. పుస్తకానికీ అదే మర్యాద చేశారు మావాళ్లు! ఒకరు కాగితాల మధ్య ఇప్పపువ్వు పరిచి తెచ్చేవారు, ఇంకొకరు నువ్వులు పోసి తెచ్చేవారు, ఒక మహాతల్లి అయితే తునికి పండే పెట్టి మూసి తెచ్చింది. అక్క కూడా గూడెం పిల్లే కదా, ఆమెకు అందులో తప్పేమీ కనపడలేదు. ఏరుకుని తినడానికి నేనెలాగూ ఉన్నాను.

ఒకరోజు కాలనీ నుంచి, పుస్తకాలు తెచ్చినవాళ్ల తరఫున, ఒక సారు సైకిలు మీద తనిఖీకి వచ్చాడు. పుస్తకం తెరిచాడో లేదో, ఎర్రచీమలు చొక్కా చేతుల్లోకి పాకాయి. "ఏందమ్మా ఇది, లైబ్రరీనా, కిరాణం దుకాణమా?" అని ఎగిరెగిరి పడ్డాడు. వచ్చే నెల వస్తాననీ, ఒక్క చీమ కనపడినా బండి పంపించి పెట్టెను తెప్పించుకుంటాననీ చెప్పి వెళ్లిపోయాడు. ఆ పూట అక్క అన్నం ముట్టలేదు. పెట్టె పోతే ఆమెకు మళ్లీ కట్టెల మోపే గతి.

మర్నాడు ఇల్లిల్లూ తిరిగి, పుస్తకంలో ఏమీ పెట్టకండని బతిమాలింది. వాళ్లకు చిన్నతనమైంది. మనవడికి బొమ్మల పుస్తకాలు తీసుకెళ్లే పక్కింటి అవ్వ ముఖం మీదే అనేసింది: "ఉత్త చేతులతోని ఎట్ల వస్తనే బిడ్డా? తిని మూతి తుడుచుకున్నట్టు కాదా? గట్లయితే నాకు పుస్తకమే వద్దు." అందరిదీ అదే మాట. వారమంతా పెట్టె దగ్గరికి ఒక్క మనిషి రాలేదు. పెడితే సారు ఊరుకోడు, పెట్టొద్దంటే గూడెం రాదు. అక్క అరుగు మీద ఒంటరిగా కూర్చుని ఈగలు తోలుకుంటుంటే నాకు ఏడుపొచ్చేది.

చివరికి ఆమెకే తట్టింది. అరుగు గుంజకు ఒక వెదురుబుట్ట వేలాడదీసి, "పుస్తకం నా చేతికి, తెచ్చింది బుట్టలోకి" అని చాటింపు వేసినంత పని చేసింది. అవ్వే ముందు వచ్చింది, దోసెడు ఇప్పపువ్వుతో. ఆ వెనకే గూడెమంతా! అక్క పుస్తకం అందుకుంటూ "మంచిగున్నదా?" అని అడగడం, వాళ్లు అక్కడే చతికిలబడి కథంతా మళ్లీ చెప్పడం, పొద్దు గూకేదాకా అదే సందడి. సారు వచ్చి ప్రతి పుస్తకమూ దులిపి చూశాడు, చీమ లేదు. అక్క ఇప్పపువ్వు లడ్డూలు చేసి డబ్బాలో పెట్టిచ్చింది. మరుసటిసారి ఆయన ఆ డబ్బాను ఉత్తగా తేలేదండీ, రెండు పిల్లల పుస్తకాలు పెట్టి తెచ్చాడు! అక్క మురిసిన మురిపెం ఏం చెప్పను.

రిబ్బను కత్తిరించాక మా పిల్ల అసలు విశేషం చూపించింది. గోడకు సన్నని సందుతో ఒక పెట్టె ఉంది. లైబ్రరీ మూసి ఉన్నా సరే, ఎవరూ లేకపోయినా సరే, ఎప్పుడైనా వచ్చి పుస్తకం అందులో వేసి పోవచ్చునట. షిఫ్టు దిగి వచ్చేవాళ్లకు ఎంత సుఖమో నాకు తెలియదా, మా ఆయన బాయి డ్యూటీలు చూసినదాన్ని. పిల్ల తెలివికి మెచ్చుకున్నాను కూడా. మొదటి పుస్తకం నన్నే వేయమన్నారు, పోయినసారి పిల్ల దగ్గర చదవడానికి తెచ్చుకున్నదాన్నే వేశాను. లోపల దబ్బున పడింది, అందరూ చప్పట్లు కొట్టారు.

జనం లోపలికి వెళ్లిపోయాక కూడా నేను అక్కడే నిలబడిపోయాను. అక్కలాగా ఎవరైనా "మంచిగున్నదా?" అని అడిగితే ఆ కథ చెబుదామనుకున్నాను.