అనంతకృష్ణ గారి పేటెంటు

మా కాలేజీ ఫిజిక్సు హెడ్డు అనంతకృష్ణ గారు విమానం ఎక్కింది ఒక్కసారి, అదీ కిటికీ సీటు కోసం తగవుపడి. దిగగానే విమానాలను బాగుచెయ్యడానికి పూనుకున్నారు. పైలట్ ముందుండే డయళ్లన్నీ తీసేసి ఎత్తు, వేగం, దిక్కు ఒకే తెరమీద చూపించాలట. లోకం ఆ పని ఎప్పుడో చేసేసిందని ఆయనకు చెప్పేవాళ్లు స్టాఫ్‌రూములో లేరు.

ఆ తెరను పనికొచ్చేలా చేసింది పార్ట్‌టైం లెక్చరర్ తబస్సుం. గుణదల నుంచి సిటీబస్సులో వచ్చేది. క్లాసులయ్యాక లాబ్‌లో కూర్చుని, ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు దానికి సంబంధించిన అంకె ఒక్కటే పెద్దదై, మిగతావి పక్కకు తప్పుకునేలా చేసింది. కొత్తదనమంటూ ఉంటే అదే. పేటెంటులో పేరుంటే ఆమె ఉద్యోగం పర్మినెంటయ్యేది. దరఖాస్తులో మాత్రం ఆయన పేరొక్కటే ఉంది.

తన పేరూ చేర్చమని అడిగితే, "శుభలేఖ మీద వంటవాళ్ల పేరు వేస్తారటమ్మా?" అని నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

తబస్సుం ఊరుకోలేదు. చెన్నైలోని పేటెంటు ఆఫీసుకు అభ్యంతరం రాసింది. 2006లో ఇద్దరినీ విచారణకు పిలిచారు. సంచి మొయ్యడానికి లాబ్ అటెండర్ని నన్ను కూడా తీసుకెళ్లారాయన.

"అంకె పెద్దదయ్యే ఆలోచన తనదేనంటున్నారీవిడ. మీరేమంటారు?" అని అడిగాడు అధికారి.

"అదేం ఆలోచనండీ? ఈ లైన్లో ఉన్న మామూలు మనిషి ఎవరైనా చేస్తారు. మా డిగ్రీ కుర్రాళ్లకైనా ఇట్టే తడుతుంది."

"ఖాయంగా అంటున్నారా?"

"రాసుకోండి."

అధికారి రాసుకున్నాడు. ఆ పనిలో మామూలు నేర్పున్నవాడికి ఇట్టే తట్టేదానికి పేటెంటు ఇవ్వరు. చట్టంలో ఆ ముక్కయినా చదవకుండా వచ్చాడీ మహానుభావుడు. తన పేరు పక్కన పార్ట్‌టైం పేరు ఉండకూడదని, కూర్చున్న కొమ్మనే నరుక్కున్నాడు. దరఖాస్తు కొట్టేశారు. తబస్సుం ఆశ కూడా దాంతోపాటే పోయింది. ఆ మనిషంటే నాకు అసహ్యం అందుకే.

అయినా భవానీపురంలో ఆయనకు సన్మానం జరిగింది. పేటెంటు విచారణ దాకా వెళ్లొచ్చిన మేధావి అన్నారు, శాలువా కప్పారు. శిష్యురాలిగా రెండు ముక్కలు మాట్లాడమని తబస్సుంను పిలిచారు.

ఆమె మైకు అందుకుంది. "ఆ తెరకి నేను చేసింది ఎవరైనా చేస్తారని సారే ఆఫీసరు గారికి చెప్పారండీ. మరి సారెందుకు చెయ్యలేకపోయారో కనుక్కోండి."

మైకు ఆయన చేతికే ఇచ్చి దిగిపోయింది.